ఆపరేషన్ అయ్యాక ఇంటికొచ్చిన బిడ్డ: పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో పిల్లల సంరక్షణ నేపథ్యం

మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు ఒక్క వైద్యుడు సరిపోడు. ఫిట్స్ మందులకు నరాల వైద్యుడు, బిగుసుకుపోయే కాళ్లకు ఫిజియోథెరపీ, మింగలేని బిడ్డకు అన్నం ఎలా పెట్టాలో నేర్పేవారు, చూపుకు, వినికిడికి వేర్వేరు పరీక్షలు కావాలి. వీటికి తోడు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, పింఛను, బడి ఉండనే ఉన్నాయి. అచ్చంపేట, దేవరకొండ వైపు నుంచి తొలి బస్సుకు హైదరాబాద్ బయలుదేరే తల్లి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో స్కానింగ్ ఫిల్ములు, మడతల దగ్గర చిరిగిన డిశ్చార్జి కాగితాలు, రేషన్ కార్డు జిరాక్సులు, ఖాళీ మాత్రల అట్టలు ఉంటాయి. మందు పేరు నోరు తిరగదు కనుక అట్టనే చూపించాలి. బిడ్డ వైద్య చరిత్ర అంతా ఆ కవరే. ఒక వైద్యుడు చెప్పినది మరొకరికి చేర్చే పని నిజానికి వ్యవస్థది, కానీ ఇన్నేళ్లుగా దాన్ని తల్లులే మోస్తున్నారు.

పిల్లలకు పెద్ద జబ్బు చేస్తే హైదరాబాద్‌లోని నిలోఫర్ దవాఖానకు తీసుకుపోవడం ఈ ప్రాంతంలో తరాలుగా ఉన్న అలవాటు. పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచైనా, నల్లగొండ నుంచైనా అది దాదాపు 100 కిలోమీటర్లు. కొల్లాపూర్, అమ్రాబాద్ వైపు వారికి ఇంకా దూరం. తాగునీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను వంచేసిన నల్లగొండ కథ మరో పాఠం చెబుతుంది. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించగా, దానికి నల్లగొండ పేరే స్థిరపడింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ సమస్యను దేశం దృష్టికి తేవడానికి నల్లగొండ స్థానంలో 480 మంది పోటీలో నిలిచారు. ఆ పోరాటం న్యాయమైనది, అది నీళ్లు తెచ్చింది. అయితే నీరు మారితే కొత్తగా జబ్బు రాదు గానీ అప్పటికే వంగిన ఎముక నిటారు కాదు. నివారణపై జరిగినంత చర్చ, అప్పటికే నడవలేని పిల్లల రోజువారీ సంరక్షణపై జరగలేదన్నది నా అభిప్రాయం.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. అంతకుముందు గుండెకు రంధ్రం ఉన్న బిడ్డకు ఆపరేషన్ కావాలంటే ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకుని ఎదురుచూడవలసి వచ్చేది. వలస కూలీల జిల్లాలో ఆ పథకం ఎందరు పిల్లల ప్రాణాలు నిలిపిందో ఆ ఇళ్లవారికే తెలుసు. 2023 డిసెంబరులో దాని పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెరిగింది. అయితే దాని నిర్మాణమంతా ప్యాకేజీల మీద నిలిచి ఉంది: ఒక జబ్బు, ఒక చికిత్స, ఒక మొత్తం. ఏళ్ల తరబడి వారం వారం సాగవలసిన ఫిజియోథెరపీ, గొట్టం ద్వారా ఆహారం, దారి ఖర్చు, తల్లి పోగొట్టుకునే కూలి ఆ లెక్కలో సరిగా ఇమడవు.

2013లో కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఈ లోటును కొంత గుర్తించింది. పుట్టుకతో వచ్చే లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదలలో జాప్యం అనే నాలుగు తరగతుల్లో, పుట్టుక నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించి, జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలన్నది దాని ఆలోచన. సంచార బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వెళతాయి. ఇక్కడే అసలు చిక్కు ఉంది: తల నిలపలేని బిడ్డ అంగన్‌వాడీకి రాదు, బడికి పోదు. అందరికంటే ఎక్కువ అవసరమున్న బిడ్డే పరీక్షకు అందకుండా మంచం మీద ఉండిపోతుంది.

వైకల్యం వైపు మార్పులు వేరే దారిలో నడిచాయి. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించగా, 2016 చట్టం వాటిని 21కి పెంచి తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ జబ్బులను కూడా చేర్చింది. తీవ్ర వైకల్యమున్న పిల్లలు ఇంటి వద్దే చదువుకునే హక్కును 2012లో విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణ ఇచ్చింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాలు విద్యాశాఖవి, సత్వర చికిత్సా కేంద్రం వైద్యశాఖది, పింఛను మరో శాఖది. ఒక శాఖ రాసిన కాగితం మరో శాఖకు దానంతటది చేరదు.

2016 అక్టోబరులో జిల్లాల విభజన జరిగింది. అదే ఏడాది మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇప్పుడు పిల్లల వైద్యుడు ఒకప్పటికంటే దగ్గరలో ఉన్నాడు. ఇక కావలసింది, హైదరాబాద్ దవాఖాన రాసిన చికిత్సను ఇక్కడి కళాశాల దవాఖానలో కొనసాగించే లిఖిత ఏర్పాటు, ఒక్కో బిడ్డకు పేరుపేరునా బాధ్యత తీసుకునే ఒక నర్సు, మంచం పట్టిన పిల్లల జాబితాను ఆశా కార్యకర్తల ద్వారా తయారుచేసి సంచార బృందాన్ని ఆ ఇళ్లకే పంపడం. పద్దెనిమిదేళ్లు నిండాక బాల స్వాస్థ్య కార్యక్రమం పరిధి దాటిపోయే పిల్లలను ఎవరికి అప్పగించాలో కూడా అందులోనే రాసి ఉండాలి.