మీటరు మీద ఖర నామ సంవత్సరం: కాలయాన కార్టూన్లపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాదులోని ఒక యానిమేషన్ స్టూడియోలో కథ, స్టోరీబోర్డు (దృశ్యాలను ముందుగా వరుస బొమ్మల్లో వేసుకోవడం) విభాగాల్లో పనిచేస్తున్నాను. కొంతకాలంగా మా బృందం ఒక హాస్య ధారావాహికను తయారు చేస్తోంది. పదవీ విరమణ చేసిన చరిత్ర లెక్చరరు, కోఠీలో స్కూటర్లు బాగుచేసే మెకానిక్కు, ఇంటర్ చదువుతున్న అతని మేనకోడలు ఒక పాత ఆటోలో గతంలోకి వెళ్తారు. తమ వల్లే చెడిన చరిత్రను సరిచేయబోయి మరికొంత చెడగొట్టి, చివరికి ఎలాగో అతుకు వేసి ఇంటికి చేరుకుంటారు. ఈ సంగతి చెప్పగానే బంధువులు, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు, అప్పుడప్పుడు పెట్టుబడి పెట్టేవారు కూడా కొన్ని మాటలు అలవాటుగా అంటూ ఉంటారు. వాటిలో తరచుగా వినిపించేవాటిని ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: కార్టూనే కదా, చరిత్ర ఎలా ఉంటే ఎవరు అడుగుతారు?

ఈ రకం కథలో చరిత్ర ఎంత కచ్చితంగా ఉంటే హాస్యం అంత బాగా పండుతుంది. పొరపాటు పాత్రలది కావాలి గాని మాది కాకూడదు; రెండూ కలిసిపోతే చూసేవాడికి దేనికి నవ్వాలో తెలియదు. మాకు ఈ విషయం మొదటి ఎపిసోడ్‌లోనే తెలిసివచ్చింది.

ఆ కథ చార్మినార్ వెలసిన 1591లో జరుగుతుంది. మెకానిక్కు చేతి గడియారం ఆగిపోవడంతో అతను దారిన పోయే ప్రతివారినీ "టైమెంతైంది?" అని అడుగుతాడు. ఒకరు ఎండను చూపిస్తారు, మరొకరు తన నీడను చూపిస్తారు, ఇంకొకరు ఇందాక మోగిన గంటల లెక్క చెబుతారు. అతనికి ఒక్క జవాబూ అర్థం కాదు. దృశ్యం రంగులతో సహా పూర్తయి ఎడిటింగ్ గదిలో చూస్తున్నప్పుడు, కొత్తగా చేరిన సహాయకురాలు ఒకమ్మాయి "అన్నా, అతను ఒక్కసారి వెనక్కి తిరిగితే చాలు కదా" అంది. చూస్తే మెకానిక్కు తల వెనక, చార్మినార్ కమాను మీద, గుండ్రటి గడియారం స్పష్టంగా కనిపిస్తోంది. బ్యాక్‌గ్రౌండ్ వేసిన కుర్రవాడు ఇప్పటి ఫొటోను ముందు పెట్టుకొని కరెంటు తీగలు తీసేశాడు, గాజుల దుకాణాలు తీసేశాడు, శ్రద్ధగా పావురాలను కూడా లెక్కపెట్టి తగ్గించాడు. గడియారం మాత్రం కట్టడంలో భాగమే అనుకున్నాడు. ఆ గడియారాలను నాలుగు వైపులా అమర్చింది 1889లో, అంటే దాదాపు 300 ఏళ్ల తరువాత. రోజూ చూసే కట్టడం కావడం వల్లనే మాలో ఎవరికీ అనుమానం రాలేదు. చార్మినార్ కనిపించే షాట్లన్నీ మళ్లీ వేయవలసి వచ్చింది.

ఆ రీటేకుల పుణ్యమా అని అప్పటి కాలగణనను సరిగ్గా చదివాము. అడుగున సన్నని రంధ్రం ఉన్న గిన్నెను నీటి మీద వదిలితే అది నిండి మునగడానికి పట్టే కాలం ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు. అది గడిచిన సంగతి ఊరికి తెలిసేలా గంట కొట్టేవారు. (సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు, లెక్కపెట్టుకుంటూ బతికేవాళ్లం కాబట్టి మాకు ఈ 24 మీద ప్రత్యేకమైన అభిమానం.) దానితో మాకు కొత్త హాస్యం దొరికింది. మెకానిక్కు ఒక తాపీమేస్త్రితో "రెండు గంటల్లో వచ్చేస్తా, ఆటో చూసుకో" అని చెప్పి వెళ్తాడు. మేస్త్రి గంట రెండుసార్లు మోగేదాకా నిజాయితీగా కాపలా కాసి, మాట ప్రకారం తన పని ముగిసిందని వెళ్లిపోతాడు. తప్పు ఎవరిదీ కాదు, ఆటో మాత్రం పోయింది. చరిత్రను అశ్రద్ధ చేసి ఉంటే ఈ దృశ్యం మాకు తట్టేది కాదు.

తిండి విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. రుద్రమదేవి కాలపు ఓరుగల్లులో మిరపకాయ లేదు, టమాటా లేదు, ఆలుగడ్డ లేదు, పల్లీలు కూడా లేవు. అవన్నీ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువారి రాకతో మన దేశానికి చేరినవి. అప్పటి కారం అంటే మిరియాలే. మెకానిక్కు జేబులో మరచిపోయిన మిర్చి బజ్జీని కాకతీయ సైనికుడు ఒకడు కొరికి చూసే దృశ్యానికి బలమంతా ఈ ఒక్క వాస్తవం నుంచే వచ్చింది. వెనక ఉన్న అంగడిలో ఎండుమిరప బస్తా ఒక్కటి గీసినా ఆ సైనికుడి కన్నీళ్లకు అర్థం ఉండదు.

అపోహ: కాలయానం విదేశీ సరుకు, మన పిల్లలకు ఎక్కదు.

1991లోనే "ఆదిత్య 369" చిత్రంలో తెలుగు ప్రేక్షకులు కాలయంత్రం ఎక్కి శ్రీకృష్ణదేవరాయల సభకు వెళ్లివచ్చారు. అంతకంటే చాలా ముందు, భాగవతం నవమ స్కంధంలో రైవతుని కథ ఉంది. కూతురు రేవతికి తగిన వరుణ్ణి అడగడానికి ఆ రాజు బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ గంధర్వగానం సాగుతుండగా కాసేపు ఆగి, తన మనసులో ఉన్న రాకుమారుల పేర్లు చెబుతాడు. బ్రహ్మ నవ్వి, ఈలోగా భూమి మీద 27 చతుర్యుగాలు గడిచిపోయాయని, వారి పేర్లు కూడా ఇప్పుడు వినబడవని చెబుతాడు. తిరిగి వచ్చాక రేవతిని బలరాముడు పెళ్లాడాడు. పాత యుగపు మనిషి కాబట్టి ఆమె మరీ పొడగరి అని, అతను నాగలితో ఆమెను తన ఎత్తుకు దించుకున్నాడని విష్ణుపురాణం చెబుతుంది. ఇంతకంటే మంచి కార్టూన్ దృశ్యాన్ని నేను ఇంతవరకు రాయలేదు.

మా ఆటో మీటరు కూడా ఇంటి సరుకే. దాని మీద అంకెలు ఉండవు, ప్రభవ, విభవ మొదలైన 60 తెలుగు సంవత్సరాల పేర్లు తిరుగుతాయి. 1591 ఉగాదితో మొదలైనది ఖర నామ సంవత్సరం. 1651 కూడా ఖరయే, 1711 కూడా, మొన్నటి 2011 కూడా. లెక్చరరుకు సంవత్సరం పేరు కచ్చితంగా తెలుసు. ఏ ఆవృత్తిలో దిగుతామో మాత్రం ఆటోకే తెలుసు. చార్మినార్ పునాది చూడబోయినవారు 60 ఏళ్లు ఆలస్యంగా అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో దిగి, పునాది ఎక్కడ తవ్వుతున్నారని బజారులో అడుగుతూ తిరుగుతారు. ఖరము అంటే గాడిద కాబట్టి మీటరు ఆ పేరు దగ్గర ఆగినప్పుడు వచ్చే శబ్దాన్ని ఊహించుకోవడం పాఠకులకే వదిలేస్తున్నాను.

అపోహ: పాత్రలు తెలివితక్కువవైతే నవ్వు దానంతట అదే వస్తుంది.

పరమానందయ్య శిష్యులను గుర్తుచేసుకోండి. నది నిద్రపోతోందో లేదో తెలుసుకోవడానికి మండుతున్న కొరివిని నీటిలో ముంచి, చుయ్‌మని శబ్దం రాగానే నది మేలుకొని ఉందని ఒడ్డున ఆగిపోతారు. తరువాత ఆరిపోయిన అదే కట్టెతో మళ్లీ చూసి, చప్పుడు లేదు కాబట్టి నిద్రపోయిందని దిగుతారు. వారి పరీక్షా పద్ధతిలో లోపం లేదు, మొదటి నమ్మకంలోనే ఉంది. తెలివిలేనివాడు కనుక ఏదైనా చేస్తాడు అని రాస్తే రెండో నిమిషానికే విసుగు పుడుతుంది. మా లెక్చరరుకు తేదీలన్నీ తెలుసు, ఎదుటివారి తప్పు దిద్దకుండా ఉండలేడు, అది సుల్తాను అయినా సరే. మెకానిక్కు కదిలే వస్తువు ఏది కనిపించినా విప్పి చూస్తాడు. మేనకోడలు ఎప్పుడూ సరిగ్గానే చెబుతుంది, ఎవరూ వినరు. ఈ మూడు గుణాలనూ ఏ శతాబ్దంలో వదిలినా ప్రమాదం దానంతట అదే పుడుతుంది, మేము కల్పించనక్కరలేదు.

అపోహ: యంత్రం చేతిలో ఉన్నాక ఏ తప్పునైనా వెనక్కి వెళ్లి దిద్దుకోవచ్చు, ఇక ఉత్కంఠ ఎక్కడిది?

ఈ ప్రశ్న అడిగేవారిని నేను గౌరవిస్తాను, ఎందుకంటే ఈ రకం కథలు చాలావరకు కూలిపోయేది ఇక్కడే. ఏం చేయగలరో నిర్ణయించడం సులభం. ఏం చేయలేరో మొదటి రోజే రాసి గోడకు అంటించుకోవాలి. మా గోడ మీద ఉన్న నియమం ఒక్కటే: ఒకసారి దిగిన ఘడియలోకి మళ్లీ దిగకూడదు. ఆ 24 నిమిషాల్లో జరిగిన పొరపాటు వారికి ఎప్పటికీ మూసుకుపోయిన గది; ముందు ఘడియలోనో తరువాతి ఘడియలోనో నిలబడి, కిటికీలోంచి చేయి పెట్టినట్టు, దాన్ని సర్దుకోవాలి. ఈ నియమం వల్ల ప్రతి పరిష్కారమూ వంకరగా ఉంటుంది, వంకరగా ఉంటుంది కాబట్టే నవ్వు వస్తుంది.

నియమం పెట్టాక లెక్క తప్పకుండా చూసుకోవడం అసలు శ్రమ. మా దగ్గర ఒక పట్టిక ఉంది. ఒక నిలువు వరుసలో చరిత్ర తేదీ, పక్కన ముగ్గురు పాత్రలకూ వారివారి ప్రయాణంలో గడిచిన సొంత గంటలు, చివరి వరుసలో ఎవరి చేతిలో ఏ వస్తువు ఉందన్న వివరం. లెక్చరరు గొడుగు నాలుగో ఎపిసోడ్‌లో 1687 నాటి గోల్కొండలో పోతుంది. ఐదో ఎపిసోడ్ జరిగేది 1578లో, మూసీ మీది పురానాపూల్ వంతెన దగ్గర. అక్కడ గొడుగు ఉండాలా, వద్దా? చరిత్ర ప్రకారం 1578 ముందు వస్తుంది, కాని ఆయన చేతి నుంచి గొడుగు అప్పటికే జారిపోయింది. ఈ సందేహం ఒక మధ్యాహ్నమంతా సాగింది, రెండు కప్పుల ఇరానీ చాయ్ తరువాత మేనకోడలి లాగానే మాలో చిన్నవాడు చెప్పిన మాటే సరైనదని తేలింది: గొడుగు లేదు, ఆయన తడవాలి.

అపోహ: ఇప్పుడు అంతా కంప్యూటరే గీస్తుంది.

పదకొండు నిమిషాల ఎపిసోడ్‌లో 15,840 ఫ్రేములు ఉంటాయి. రెండేసి ఫ్రేములకు ఒక భంగిమ అనుకున్నా 7,920. పాత్రను ఒకసారి కీళ్లతో సహా రిగ్ చేస్తే, అంటే కంప్యూటరులో కదిలించడానికి వీలుగా అమర్చుకుంటే, ప్రతిసారీ మొదటి నుంచి గీయనక్కరలేని మాట నిజం. మెకానిక్కు సిగ్గుపడినప్పుడు భుజం ముందు కదలాలా, కనుబొమ్మ ముందు కదలాలా అన్నది మాత్రం ఒక మనిషి కూర్చొని నిర్ణయించవలసిందే.

అపోహ: బొమ్మలు పూర్తయ్యాక మాటలు చెప్పిస్తారు.

సినిమా డబ్బింగు చూసినవారికి సహజంగా కలిగే అభిప్రాయం ఇది. సొంతంగా తయారుచేసే ధారావాహికకు చాలావరకు మాట ముందు రికార్డు అవుతుంది, బొమ్మ దాన్ని అనుసరిస్తుంది. వేరే భాషలో తయారైనదాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు మాత్రం తిరగబడుతుంది, అప్పుడు ఒక విచిత్రమైన ఇబ్బంది వస్తుంది. తెలుగు మాట దాదాపు ఎప్పుడూ అచ్చుతో ముగుస్తుంది, అంటే వాక్యం చివర నోరు తెరుచుకొని ఉంటుంది. హిందీలో హల్లుతో ముగిసి పెదవులు మూసుకున్న బొమ్మ మీద "వెళ్దామా" అనిపిస్తే, ఆ చివరి దీర్ఘం ముక్కులోంచి వచ్చినట్టు ఉంటుంది. తెలుగులో మొదట రాసి, తెలుగు నోటికి బొమ్మ వేయడంలో ఉన్న సుఖం అనుభవించినవారికే తెలుస్తుంది.

అపోహ: హాస్యం కాబట్టి ఏ సంఘటననైనా వాడుకోవచ్చు.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద మా మొదటి జాబితాలో ఉండేది. వేలమంది ప్రాణాలు పోయిన ఆ రోజున అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. మా ముగ్గురు అక్కడ దిగి ఏదో ఒకటి సరిచేస్తే, ఆ చెట్టు చేసిన పనిని, కొమ్మ పట్టుకొని వేలాడినవారి ఓర్పును మేము లాక్కున్నట్టు అవుతుంది. ఆ రోజుకు వెళ్లకూడదని నిర్ణయించి, కథను ఒక ఏడాది ముందుకు జరిపాము. 1909లో నగరానికి వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య బల్ల మీది జలాశయాల నక్షా చుట్టను మెకానిక్కు పొరపాటున తన సామాన్లతో తెచ్చేస్తాడు. వర్తమానంలో 1920 నాటి ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్ పటం మీద నుంచి మాయమై, ఇంట్లో కొళాయి ఖాళీగా బుసకొడుతుంది. నక్షా తిరిగి చేర్చడమే కథ.

గోల్కొండ విషయంలో కూడా ఇలాంటి చర్చే జరిగింది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత లంచానికి లొంగిన ఒక సేనాని ద్వారం తెరిచాడని చెబుతారు. మొదటి చిత్తుప్రతిలో ఆ తలుపు గడియను మా మెకానిక్కు విప్పేశాడు. చదువుతున్నప్పుడు అందరం నవ్వాము గాని, మరునాడు కొట్టేశాను. ఒక మనిషి తెలిసి చేసిన ద్రోహాన్ని మరొకడి తెలియనితనంతో కప్పడం నాకు నచ్చలేదు.

అపోహ: మంచి డైలాగు ఉంటే చాలు, నవ్వు వచ్చేస్తుంది.

తలుపు దృశ్యం పోయినా, గోల్కొండ ఎపిసోడ్‌లో చప్పట్లు మిగిలాయి. కోట ద్వారమైన ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన కొండకొమ్మున ఉన్న బాలాహిసార్‌లో వినిపిస్తుందన్నది హైదరాబాదులో బడి పిల్లలందరూ చేసి చూసిన సంగతే. మెకానిక్కు కింద దోమను కొడతాడు, పైన కాపలావాడు శత్రువు వచ్చాడని ఉలిక్కిపడతాడు. ఇందులో మాట లేదు, రెండు చర్యల మధ్య ఎంతసేపు ఆగాలన్నదే హాస్యం. రెండింటి మధ్య దూరం సుమారు కిలోమీటరు, శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది, అంటే మూడు సెకన్లు, 72 ఫ్రేములు. యానిమాటిక్‌లో, అంటే కచ్చా బొమ్మలతో చేసుకునే చిత్తు వీడియోలో, 72 పెట్టి చూస్తే బొమ్మ ఆగిపోయిందేమో అనిపించింది. 12 పెడితే దోమ చప్పుడు, ఉలికిపాటు ఒకదానిమీద ఒకటి పడి నవ్వుకు చోటు లేకపోయింది. 30 దగ్గర గదిలో ఇద్దరు నవ్వారు. చివరికి 38 దగ్గర ఆపి, ఆ ఖాళీలో కాపలావాడి చేత ఒక ఆవలింత సగం తీయించాము; చప్పట్లు వినబడగానే మిగతా సగం లోపలే ఉండిపోతుంది. కోట మీద చరిత్రను అంత పట్టుదలగా కాపాడినవాడివి శబ్దవేగాన్ని ఎందుకు వదిలేశావని మా సౌండ్ ఇంజనీరు అడుగుతూనే ఉన్నాడు. అతని దగ్గర ఉన్న ఫైలులో ఇప్పటికీ 72 ఫ్రేములే ఉన్నాయి.