యాభైలో వయసు పనెంత, కదలకపోవడం పనెంత

మందు సీసా మీద చిన్న అక్షరాలు చదువుదామని కళ్ల దగ్గరికి తెచ్చుకుంటే అలుక్కుపోతాయి. కాస్త దూరం పెడితే తేటపడతాయి. ఏడాది తిరిగేసరికి ఇంకొంచెం దూరం పెట్టాల్సి వస్తుంది. చివరికి చెయ్యి పూర్తిగా చాచినా చాలని రోజొకటి వస్తుంది. యాభై ఏళ్లకు చత్వారం రానివాళ్లు దాదాపు ఉండరు. మైనస్ పవర్ అద్దాలు పెట్టుకునేవాళ్లలో చాలామంది మాత్రం అద్దాలు తీసేసి చదువుకుంటారు. చత్వారం వాళ్లకూ వచ్చింది, హ్రస్వదృష్టి దాన్ని కప్పేస్తోంది, అంతే.

దూరంగా ఉన్నవాటిని చూసేటప్పుడు కంటిలోని లెన్స్ పల్చగా సాగి ఉంటుంది. దగ్గరి వస్తువును చూడాలంటే దాని చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. అప్పుడు లెన్సును పట్టి లాగే సన్నటి పోగులు వదులై, అది ఉబ్బుతుంది. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ వివరించిన సంగతి ఇది. ఈ లెన్స్ జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది, ఉల్లిపాయలో లాగా పొర మీద పొర. చర్మం పాత కణాలను రాల్చేస్తుంది గానీ లెన్సుకు ఆ వీలు లేదు. దాని నడిమధ్యన ఉన్న కణాలు మనం పుట్టకముందు ఏర్పడినవే. అలా అది ఏటికేడు బిరుసెక్కుతుంది. పదేళ్ల పిల్లలు 7, 8 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదాన్ని కూడా స్పష్టంగా చూడగలరు. యాభై ఏళ్లకు ఆ దూరం దాదాపు అర మీటరు అవుతుంది. బిగుసుకునే కండరం అప్పటికీ బాగానే పనిచేస్తుంటుంది, మొండికేసేది లెన్సే. కాబట్టి కంటి వ్యాయామాలతో చత్వారం పోతుందని ఎవరు చెప్పినా నమ్మక్కర్లేదు. అద్దాలు తెచ్చుకుని సుఖంగా చదువుకోవడం మేలు.

ఇది అచ్చంగా వయసు చేసే పని. గుండె గరిష్ఠ వేగం కూడా ఇలాంటిదే. ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి పరిగెత్తినప్పుడు ఇరవై ఏళ్లవాళ్ల గుండె సగటున నిమిషానికి 194 సార్లు కొట్టుకుంటే, యాభై ఏళ్లవాళ్ల గుండె 173 దగ్గర ఆగిపోతుంది. ఎంత సాధన చేసినా ఆ హద్దు పెద్దగా జరగదు.

అయితే యాభైలో మనల్ని కుంగదీసేవాటిలో చాలా భాగం ఈ కోవలోవి కావు. ఆయాసం, నడుము చుట్టూ కొవ్వు, మెట్లెక్కుతుంటే కాళ్లు బరువెక్కడం... వీటన్నిటినీ వయసు ఖాతాలో రాసేస్తాం. వీటిలో పెద్ద వాటా కదలకపోవడానిదని గట్టిగా చెప్పడానికి నాకు ధైర్యాన్నిచ్చేది అమెరికాలోని డాలస్‌లో జరిగిన ఒక ప్రయోగం.

1966లో అక్కడి పరిశోధకులు ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను అయిదుగురిని మూడు వారాలపాటు మంచానికే పరిమితం చేశారు. శక్తికొద్దీ వ్యాయామం చేసేటప్పుడు ఒంట్లో నిమిషానికి ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందో ముందూ వెనకా కొలిచారు. పడుకోకముందు అది సగటున 3.3 లీటర్లు, మూడు వారాల తర్వాత 2.4 లీటర్లు. ముప్ఫై ఏళ్లు గడిచాక, యాభై ఏళ్లొచ్చిన ఆ అయిదుగురినే మళ్లీ పిలిచి పరీక్షించారు. సగటు బరువు 77 కిలోల నుంచి 100 కిలోలకు పెరిగింది. ఒంట్లో కొవ్వు శాతం రెట్టింపైంది. కానీ ఆక్సిజన్ లెక్క 2.9 లీటర్లు వచ్చింది. ముప్ఫై ఏళ్ల వయసు తీసుకెళ్లిన దానికన్నా మూడు వారాల మంచమే ఎక్కువ తీసుకెళ్లిందన్నమాట!

అంతటితో ఆపలేదు. ఆ అయిదుగురి చేత ఆరు నెలలపాటు నడక, జాగింగ్, సైక్లింగ్ మెల్లమెల్లగా పెంచుకుంటూ చేయించారు. చివరికి వారానికి నాలుగున్నర గంటల దాకా తెచ్చారు. బరువు పెద్దగా తగ్గలేదు. ఆక్సిజన్ లెక్క మాత్రం ఇరవైలో మొదట కొలిచిన 3.3 లీటర్లకు తిరిగి చేరింది. నాకు బాగా నచ్చిన వివరం ఇంకొకటుంది. గుండె నిమిషానికి పంపే రక్తం పెరగలేదు. ఆ రక్తంలోంచి ఆక్సిజన్‌ను గుంజుకోవడం కండరాలు మళ్లీ నేర్చుకున్నాయి. అయిదుగురు, అందరూ మగవాళ్లే, కాబట్టి దీన్నే వేదంగా పట్టుకోలేం. పైగా మరో పదేళ్లకు, వాళ్ల అరవైలలో కొలిచినప్పుడు క్షీణత బాగా వేగం పుంజుకుంది. యాభై ఎందుకు మంచి అదనో దాన్నిబట్టి అర్థమవుతుంది.

"మెటబాలిజం తగ్గిపోయిందండీ, మంచినీళ్లు తాగినా లావైపోతున్నాను" అనే మాట ఈ వయసులో తరచూ వినిపిస్తుంది. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఈ నమ్మకాన్ని సరిచేసింది. 29 దేశాల్లో, ఎనిమిది రోజుల పసికందుల నుంచి 95 ఏళ్ల వృద్ధుల దాకా, 6,400 మందికి పైగా రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తున్నారో అందులో లెక్కగట్టారు. శరీర పరిమాణాన్ని పరిగణనలోకి తీసుకుని చూస్తే 20 నుంచి 60 ఏళ్ల దాకా ఆ ఖర్చు దాదాపు మారలేదు. తగ్గుదల 60 తర్వాతే మొదలైంది, అదీ ఏడాదికి 0.7 శాతం చొప్పున. నడివయసులో బరువు పెరగడానికి కారణాలు తిండిలో, కదలికలో, నిద్రలో వెతకాలి.

కండ కరగడం మాత్రం నిజం. ముప్ఫైల నుంచే మొదలవుతుంది. ముందుగా తగ్గేవి వేగంగా స్పందించే కండరపోగులు. కాలు జారినప్పుడు చటుక్కున నిలదొక్కుకునేది వాటి వల్లే. నడక మంచిదే గానీ వీటిని కాపాడాలంటే బరువులెత్తడం లాంటి వ్యాయామం కావాలి. 1990లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో, వృద్ధాశ్రమంలో ఉంటున్న తొంభై ఏళ్ల వయసువాళ్ల చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించారు. వాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో సాధ్యమైనది యాభైలో కాదా?

ఆడవాళ్ల విషయంలో ఈ వయసు తెచ్చే మార్పు వేరే స్థాయిది. ఆడపిల్ల పుట్టేటప్పుడు అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అండపుటికలు (అండాలు పెరిగే చిన్న సంచులు) ఉంటాయి. రజస్వల అయ్యేనాటికి మూడు, నాలుగు లక్షలు మిగులుతాయి. జీవితమంతా కలిపి విడుదలయ్యే అండాలు నాలుగైదు వందలు. మిగతావి వాటంతటవే నశిస్తాయి. నిల్వ వెయ్యి దరిదాపులకు పడిపోయాక నెలసరి ఆగిపోతుంది. ఎక్కువమందికి ఇది 45, 55 ఏళ్ల మధ్య జరుగుతుంది. వరుసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క.

అసలు టెన్షన్ అంతకుముందు నుంచే ఉంటుంది. అర్ధరాత్రి ఉన్నట్టుండి ఛాతీ నుంచి మొహం దాకా వేడి ఎగదన్నుతుంది, చెమటతో ఒళ్లు తడిసిపోతుంది, ఆ వెంటనే చలి. మెదడులోని హైపోథాలమస్ ఒంటి వేడిని ఒక పరిధిలో ఉంచుతుంది. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గినప్పుడు ఆ పరిధి ఇరుకైపోయి, కాస్తంత వేడి పెరిగినా ఒళ్లు కాలిపోతున్నట్టుగా స్పందిస్తుంది. ఇవి తరచూ వచ్చేవాళ్లలో సగం మందికి ఏడేళ్లకు పైనే ఉంటాయని అమెరికాలో వేలాది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో తేలింది. ఏడేళ్లు! "అదంతా మామూలే, ఓర్చుకోవాలి" అనడం అన్యాయం. హార్మోన్ చికిత్స ఉంది, హార్మోన్ లేని మందులూ ఉన్నాయి. ఎవరికి ఏది సరిపడుతుందో డాక్టరు చెబుతారు. మెనోపాజ్ తర్వాత మొదటి కొన్నేళ్లలో ఎముక తరిగే వేగం కూడా బాగా పెరుగుతుంది. నెలసరి ఏడాదిపాటు ఆగిపోయాక మళ్లీ ఏ కొంచెం రక్తం కనిపించినా వెంటనే చూపించుకోవాలి. మగవాళ్లలో ఇలా ఒక్కసారిగా ఆగిపోయేది ఏమీ లేదు. టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోన్ ఏడాదికి దాదాపు ఒక శాతం చొప్పున తగ్గుతూ పోతుంది.

ఇక మతిమరుపు భయం. ఎదురుగా తెలిసిన మనిషి నిలబడతాడు, పేరు నాలుక చివరే ఉంటుంది, బయటికి రాదు. ఇది వయసుతో పెరిగే మామూలు సంగతి. అమెరికాలోని సియాటిల్‌లో 1956లో మొదలైన ఒక అధ్యయనం, మనుషులను ఏడేళ్లకోసారి పరీక్షిస్తూ దశాబ్దాలపాటు సాగింది. చూసినదాన్ని వెంటనే పోల్చుకునే వేగం పాతికేళ్ల నుంచే తగ్గడం మొదలైందని తేలింది. పదసంపద, తర్కం లాంటివి మాత్రం నడివయసులోనే పతాకస్థాయిలో ఉన్నాయి. వేగం తగ్గింది కాబట్టి బుర్ర మొద్దుబారిందనుకోవడం పొరపాటు.

మనసు సంగతికొస్తే, చాలా దేశాల సర్వేల్లో జీవితం పట్ల సంతృప్తి నలభైల చివర, యాభై దగ్గర అట్టడుగుకు దిగి, తర్వాత మళ్లీ పైకి లేస్తుంది. 2012లో 500కు పైగా చింపాంజీలు, ఒరాంగుటాన్ల మీద వాటి సంరక్షకులను అడిగి చేసిన పరిశోధనలోనూ ఇలాంటి వంపే కనిపించింది. అయితే ఒకే మనుషులను ఏళ్ల తరబడి గమనించిన కొన్ని అధ్యయనాల్లో ఈ వంపు రాలేదు. కాబట్టి యాభైలో దిగులు తప్పదని ఎవరూ అనుకోనక్కర్లేదు. దిగులు వారాల తరబడి వదలకపోతే వయసే కారణమని సర్దిచెప్పుకోకూడదు కూడా.

వయసూ, కదలకపోవడమూ కాక మూడోది ఒకటుంది: మనకు తెలియకుండా లోపల సాగేది. బీపీ, షుగర్ ఏళ్ల తరబడి ఏ నొప్పీ లేకుండా రక్తనాళాలను పాడుచేస్తాయి. పెద్దపేగు క్యాన్సర్ చాలావరకు పాలిప్ అనే చిన్న బుడిపెతో మొదలవుతుంది. అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లు, అంతకుమించి పడుతుంది. కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీలో బుడిపె కనిపిస్తే అప్పటికప్పుడు తీసేస్తారు, దానితో అక్కడ రాబోయే క్యాన్సర్ పుట్టకముందే పోతుంది. ఏ లక్షణాలూ లేకపోయినా ఈ వయసులో పెద్దపేగు పరీక్ష మొదలుపెట్టమని చాలా దేశాల వైద్యులు చెప్పేది అందుకే. అమ్మానాన్నలకో, తోబుట్టువులకో ఆ జబ్బు వచ్చి ఉంటే యాభై దాకా కూడా ఆగకూడదు.