ఎంబీబీఎస్ తర్వాత దారి ఇంత ఇరుకెలా అయింది?

ఏటా రెండు లక్షలకు పైగా యువ డాక్టర్లు, స్పెషలిస్టు చదువులకు దేశమంతటా జరిగే ప్రవేశ పరీక్ష నీట్ పీజీ రాస్తున్నారు. 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు, 800 మార్కులు. ఎవరు పిల్లల డాక్టరవుతారు, ఎవరు ఎముకల డాక్టరవుతారు, ఎవరు మరో ఏడాది పుస్తకాల ముందు కూర్చుంటారు అన్నది ఆ ఒక్క పూటలో తేలిపోతోంది. ఈ పద్ధతిని మొత్తంగా ఆలోచించి తయారు చేసినవారు ఎవరూ లేరు. ఒక్కో ముడి ఒక్కో ఏడాది, ఒక్కో తగాదా తీర్చడానికి పడింది. ఏ ముడి ఎందుకు పడిందో తెలిస్తే హౌస్ సర్జన్సీలో ఉన్నవారికి తమ ముందున్న దారి కాస్త స్పష్టంగా కనిపిస్తుంది.

బ్రిటిష్ కాలంలో స్పెషలిస్టు అనిపించుకోవాలంటే చాలామందికి ఓడెక్కడమే మార్గం. ఎఫ్‌ఆర్‌సీఎస్ లేదా ఎంఆర్‌సీపీ వంటి బ్రిటిష్ స్పెషలిస్టు అర్హతలతో వచ్చినవారికే పెద్దాసుపత్రుల్లో పెద్ద పోస్టులు. 1930లో బ్రిటన్ జనరల్ మెడికల్ కౌన్సిల్ మన వైద్య డిగ్రీలకు గుర్తింపు ఆపేసింది. మన ప్రమాణాలు మనమే చూసుకోవాలన్న ఒత్తిడి అక్కడ మొదలై 1933 చట్టానికి, మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు దారితీసింది. 1946లో భోర్ కమిటీ ఎల్‌ఎంపీల వంటి, డిగ్రీ కంటే చిన్నవైన లైసెన్షియేట్ చదువులు తీసేసి దేశమంతటికీ ఒకే ప్రాథమిక డాక్టరు ఉండాలంది, ఉన్నత శిక్షణకు ఒక జాతీయ సంస్థ కావాలంది. 1956లో ఢిల్లీ ఎయిమ్స్ ఆ సిఫారసు నుంచే పుట్టింది. 1975లో బ్రిటన్ మరోసారి మన డిగ్రీల గుర్తింపు ఎత్తేసి, అక్కడ పనిచేయాలంటే పరీక్ష రాయాలని పెట్టింది. విదేశీ డాక్టర్లకు బ్రిటన్ పెట్టే ఈనాటి ప్లాబ్ పరీక్షకు మూలం అదే.

అదే 1975లో జాతీయ పరీక్షల బోర్డు ఏర్పడింది, 1982లో స్వతంత్ర సంస్థ అయింది. మెడికల్ కాలేజీ లేని పెద్ద ఆస్పత్రుల్లోనూ స్పెషలిస్టులను తయారు చేయవచ్చన్న ఆలోచనే ఆ బోర్డు ఇచ్చే పీజీ అర్హత, డీఎన్‌బీ. మంచి ఆలోచన. అయితే చివరి పరీక్షను శిక్షణ ఇచ్చిన ఆస్పత్రి కాకుండా జాతీయ బోర్డు పెడుతుంది కాబట్టి, ఎండీ, ఎంఎస్‌లతో పోలిస్తే గట్టెక్కడం కష్టమన్న పేరు దానికి మొదటి నుంచీ ఉంది. బోధనలోకి రావడానికి డీఎన్‌బీ, ఎండీ సమానమా కాదా అన్న పేచీ కూడా ఏళ్ల తరబడి నడిచింది. చిన్న ఆస్పత్రిలో డీఎన్‌బీ చేసినవారు మెడికల్ కాలేజీలో అదనంగా ఏడాది సీనియర్ రెసిడెన్సీ (పీజీ తర్వాత ఆస్పత్రిలో చేసే శిక్షణ ఉద్యోగం) చేయాలన్న నిబంధన ఆ పేచీ నుంచే వచ్చింది. అందుకే డీఎన్‌బీ సీటు ఎంచుకునేటప్పుడు ఆ ఆస్పత్రిలో ఎన్ని పడకలున్నాయి, రోజుకు ఎన్ని కేసులొస్తాయి, ఎన్ని ఆపరేషన్లు పీజీ చేతికి ఇస్తారు అన్నవి ఊరి పేరు కంటే ముందు అడగాలి.

అసలు పోటీకి రూపం వచ్చింది 1984లో. అప్పటిదాకా రాష్ట్రాలు తమ సీట్లు తమవారికే అట్టిపెట్టుకునేవి. ప్రదీప్ జైన్ కేసులో సుప్రీంకోర్టు ఆ పద్ధతి చెల్లదంటూ, పీజీలో కనీసం సగం సీట్లు దేశమంతటి ప్రతిభకు వదలాలంది. 1986లో ఆ వాటాను 25 శాతానికి తగ్గించింది, 2003లో సౌరభ్ చౌదరి కేసులో మళ్లీ 50 శాతానికి పెంచింది. ఆలిండియా కోటా అని మనం పిలుచుకునేది ఇదే. ప్రదీప్ జైన్ తీర్పే ఆంధ్రప్రదేశ్‌ను ఇందులోంచి మినహాయించింది. కారణం 1973 నాటి ఆరు సూత్రాల పథకం, దాని వెంట స్థానికులకు చదువుల్లో, ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఇస్తూ రాజ్యాంగంలోకి వచ్చిన 371-డి అధికరణ, 1974 రాష్ట్రపతి ఉత్తర్వు. ఆంధ్రా, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర వర్సిటీల పరిధులుగా రాష్ట్రాన్ని విడదీసి 85 శాతం సీట్లు స్థానికులకే ఇవ్వడంతో మన విద్యార్థులకు సొంత ప్రాంతంలో భద్రత దక్కింది. దానికి బదులుగా బయటి రాష్ట్రాల సీట్లు దశాబ్దాలపాటు వారికి దూరంగానే ఉండిపోయాయి. ఈ వాదన దేశంలో ఇంకా చల్లారలేదు. 2025 జనవరి 29న తన్వీ బెహల్ కేసులో రాష్ట్ర కోటా పీజీ సీట్లలోనూ నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదని, చదివిన కాలేజీని బట్టి ఇచ్చే ప్రాధాన్యం మాత్రం పరిమితంగా ఉండవచ్చని కోర్టు చెప్పింది.

2012 దాకా ఒక విద్యార్థి ఎన్ని పరీక్షలు రాయాలో చూస్తే ఆయాసమొస్తుంది. ఆలిండియా కోటాకు ఒకటి, రాష్ట్రానికి ఒకటి, ఎయిమ్స్‌కు ఒకటి, చండీగఢ్ పీజీఐకి ఒకటి, జిప్‌మర్‌కు ఒకటి, డీఎన్‌బీకి ఒకటి, ప్రైవేటు కాలేజీలవి వేరే. ప్రతిదానికీ ఫీజు, ప్రయాణం, తేదీల గొడవ. ఒకే పరీక్షగా నీట్ పీజీ 2013 ప్రవేశాలకు వచ్చింది. అదే ఏడాది జూలై 18న సుప్రీంకోర్టు 2-1 మెజారిటీతో నీట్‌ను కొట్టేసింది. 2016 ఏప్రిల్‌లో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. పార్లమెంటు చట్టానికి సవరణ చేసింది. 2017 ప్రవేశాల నుంచి నీట్ పీజీయే ఏకైక ద్వారం. ఎయిమ్స్, జిప్‌మర్, నిమ్‌హాన్స్, పీజీఐలు వంటి జాతీయ సంస్థలు మాత్రం 2021 ప్రవేశాల నుంచి ఐఎన్‌ఐ సెట్ పేరుతో ఏడాదికి రెండుసార్లు విడిగా పరీక్ష పెడుతున్నాయి.

ఒకే పరీక్షతో ఖర్చు తగ్గిన మాట నిజం. ప్రమాదం కూడా ఒకే చోట పోగుపడింది. 2024లో జూన్ 23న జరగాల్సిన పరీక్షను ముందురోజు రాత్రి వాయిదా వేశారు. అప్పటికే వేల మంది వేరే ఊళ్లలోని సెంటర్లకు చేరుకుని ఉన్నారు. ఆగస్టు 11న రెండు షిఫ్టుల్లో పెట్టి మార్కులను నార్మలైజ్ చేస్తే (షిఫ్టుల కష్టంలో తేడాను బట్టి సర్దితే), మీ షిఫ్టు తేలిక, మా షిఫ్టు కష్టం అన్న అనుమానం కోర్టుదాకా వెళ్లింది. 2025లో ఒకే షిఫ్టులో పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించడంతో జూన్ 15 పరీక్ష ఆగస్టు 3కు వాయిదా పడింది. భద్రత పేరుతో 2024లోనే మరో మార్పు వచ్చింది. పేపరును ఐదు భాగాలు చేసి, భాగానికి 40 ప్రశ్నలు, 42 నిమిషాలు ఇస్తున్నారు. సమయం ముగిస్తే తర్వాతి భాగానికి వెళ్లడమే, వెనక్కి రావడం లేదు. గుర్తు పెట్టుకుని చివర్లో చూద్దామనే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. తప్పుకు ఒక మార్కు పోతుంది, ఒప్పుకు నాలుగు వస్తాయి. రెండు జవాబుల మధ్య ఊగుతున్నప్పుడు పెట్టేయడమే లాభం.

2021ని ఈ చరిత్రలో విడిగా చెప్పుకోవాలి. ఏప్రిల్ 18న జరగాల్సిన పరీక్ష కోవిడ్ రెండో అల వల్ల సెప్టెంబరు 11కు పోయింది. ఈలోగా ఆలిండియా కోటాలో ఓబీసీలకు 27 శాతం, ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం రిజర్వేషన్ ప్రకటించారు. ఆ కేసు తేలేదాకా కౌన్సెలింగ్ ఆగింది. మధ్యంతర ఉత్తర్వు 2022 జనవరి 7న వచ్చింది, కౌన్సెలింగ్ జనవరి 12న మొదలైంది. టీచింగ్ ఆస్పత్రి మూడు బ్యాచ్‌ల పీజీల మీద నడుస్తుంది. రక్తనమూనాలు తీయడం, కేసు షీట్లు రాయడం, రాత్రి డ్యూటీలు మొదటి ఏడాది వాళ్ల మీదే పడతాయి. ఆ బ్యాచ్ నెలల తరబడి రాకపోతే మిగిలిన రెండు బ్యాచ్‌లు మూడింటి పని చేశాయి, అదీ కోవిడ్ వార్డుల్లో. ఢిల్లీలో జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కింది అందుకే. ఆ ఏడాది కౌన్సెలింగ్‌కు కష్టాలు అక్కడితో తీరలేదు. ముందు రౌండ్లలో లేని 146 సీట్లను, మిగిలిపోయిన సీట్ల కోసం పెట్టే మాప్ అప్ రౌండులో చేర్చడంతో మంచి ర్యాంకువాళ్లు పాత సీట్లలో ఇరుక్కుపోయారు, వెనుక ర్యాంకువాళ్లకు మెరుగైనవి దక్కే పరిస్థితి వచ్చింది. 2022 మార్చి 31న కోర్టు ఆ రౌండునే రద్దు చేసింది.

సీట్లు పెరిగాయి కదా అంటారు. పెరిగాయి. 2014కు ముందు ఎంబీబీఎస్ సీట్లు 51,348, పీజీ సీట్లు 31,185. 2024 నాటికి అవి 1,12,112, 72,627 అయ్యాయి. వంద ఎంబీబీఎస్ సీట్లకు అప్పట్లో 61 పీజీ సీట్లుంటే 2024లో 65. పదేళ్లలో రెట్టింపుకు పైగా కట్టినా నిష్పత్తి దాదాపు అక్కడే నిలబడింది. దీనికి తోడు పాత బ్యాచ్‌ల రిపీటర్లు, విదేశాల్లో చదివి వచ్చినవారు ప్రతి ఏడాదీ కలుస్తున్నారు. పైగా ఆ సీట్లన్నీ ఒకటి కావు. రేడియాలజీ, డెర్మటాలజీ, జనరల్ మెడిసిన్ మొదటి రోజుల్లోనే అయిపోతాయి. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, ఫోరెన్సిక్ సీట్లు చివరిదాకా మిగులుతాయి. 2021 బ్యాచ్‌లో 1,456 సీట్లు ఖాళీగా మిగిలినా మరో రౌండుకు సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2023 సెప్టెంబరులో ప్రభుత్వం అర్హతను ఏకంగా సున్నా పర్సంటైల్‌కు దించింది, అంటే పరీక్ష రాసిన అందరికీ అర్హత వచ్చినట్టే. అర్హత దించితే అనాటమీ వంటి, రోగులను చూడని నాన్ క్లినికల్ సీట్లు నిండవు, ఎందుకంటే ఆ సబ్జెక్టులు చదివినవారికి బయట పోస్టులు తక్కువ. నిండేది ఎక్కువగా, మంచి ర్యాంకువాళ్లు ఫీజు కట్టలేక వదిలేసిన ప్రైవేటు సీట్లు. కొరత సీట్లలో ఎంతుందో వాటి ధరలోనూ అంతే ఉంది.

వెబ్ ఆప్షన్ల దగ్గర చాలామంది ఏటా ఒకేలా నష్టపోతున్నారు. కేంద్ర కౌన్సెలింగ్‌లో ఆలిండియా కోటాకు 25,000 రూపాయల డిపాజిట్ (రిజర్వుడు వర్గాలకు 10,000), డీమ్డ్ వర్సిటీలకు 2 లక్షలు. మొదటి రౌండులో వచ్చిన సీటు వదులుకున్నా డిపాజిట్ పోదు. రెండో రౌండులో వచ్చింది వదిలితే పోతుంది. అందుకని చేరే ఉద్దేశం లేని బ్రాంచిని జాబితా చివర కూడా పెట్టకూడదు. పెడితే అదే రావచ్చు. అప్‌గ్రేడ్ కోరుకుని కొత్త సీటు వస్తే పాత సీటు దానంతటదే ఇంకొకరికి పోతుంది, కొత్తది నచ్చకపోయినా వెనక్కి రాదు. కేంద్ర రౌండ్లు, విజయవాడ, వరంగల్ హెల్త్ యూనివర్సిటీల రౌండ్లు పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి తేదీలు రెండూ ఒకే కాగితం మీద రాసుకోవాలి.

ఈ పోటీకి అన్నిటికంటే ఎక్కువ బలైంది హౌస్ సర్జన్సీ. పన్నెండు నెలలు వార్డులో చేయి తిరగాల్సిన కాలం కోచింగ్ యాప్‌ల కాలమైంది. రాత్రి క్యాజువాల్టీలో ఒక కుట్టు వేస్తే ర్యాంకు పెరగదు, అదే గంటలో యాభై ప్రశ్నలు చేస్తే పెరుగుతుంది. ఇరవై నాలుగేళ్ల పిల్లలు ఏది ఎంచుకుంటారో వేరే చెప్పక్కర్లేదు, వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. నీట్ పీజీకి అర్హత రావాలంటే హౌస్ సర్జన్సీ ముగించాల్సిన గడువు కూడా ఉంది. అది ఒక్క రోజు దాటినా ఆ ఏడాది పరీక్ష పోయినట్టే. 2023లో ఆందోళనల తర్వాత ఆ గడువును ఆగస్టు 11 దాకా పొడిగించాల్సి వచ్చింది. ఈ రోగానికి మందుగా 2019 జాతీయ మెడికల్ కమిషన్ చట్టం నెక్స్ట్ అనే పరీక్షను తెచ్చింది. ఫైనలియర్ పరీక్ష, లైసెన్సు, పీజీ ర్యాంకు మూడూ ఒకటిగా, రెండో దశలో ప్రాక్టికల్స్‌తో. 2023 జూన్‌లో నిబంధనలిచ్చి 2019 బ్యాచ్ నుంచి అమలు చేస్తామన్నారు. సిద్ధం కావడానికి సమయమేదని విద్యార్థులు నిలదీస్తే జూలైలో ఆపేశారు. ఆలోచన సరైనదే. మధ్యలో నియమం మార్చిన తీరు సరికాదు.

సీటు వచ్చాక మూడేళ్లు. రెసిడెంట్ల, అంటే ఆస్పత్రిలో శిక్షణలో ఉన్న డాక్టర్ల డ్యూటీ రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని కేంద్రం 1992లోనే చెప్పింది. వార్డుల్లో 36 గంటల డ్యూటీ మామూలు మాటగానే మిగిలింది. 2023 పీజీ నిబంధనలు గంటల లెక్క వదిలేసి 'సముచితమైన' పనివేళలు, వారానికో సెలవు అన్నాయి. అంకె లేని నియమాన్ని ఎవరు అమలు చేయించాలి? 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్‌లో రాత్రి డ్యూటీ మధ్య సెమినార్ హాల్లో విశ్రాంతి తీసుకుంటున్న రెండో ఏడాది పీజీ హత్యకు గురయ్యాక, డ్యూటీ డాక్టర్లకు పడుకునే గది కూడా లేదన్న సంగతి దేశానికి తెలిసింది. అదే 2023 నిబంధనల ప్రకారం మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఒకచోట మూడు నెలలు జిల్లా ఆస్పత్రిలో పనిచేయాలి. రీసెర్చ్ పద్ధతులు, ఎథిక్స్, కార్డియాక్ లైఫ్ సపోర్ట్ కోర్సులను మొదటి ఏడాదిలోనే పూర్తిచేసుకుంటే చివర్లో థీసిస్‌తో కొట్టుకోవాల్సిన అవసరం రాదు.

చదువు అయ్యాక కొన్నేళ్లు ప్రభుత్వానికి పనిచేయాలనే బాండ్లను సుప్రీంకోర్టు 2019 ఆగస్టులో సమర్థించింది. ప్రభుత్వ సర్వీసులో ఉన్నవారికి కోటా ఇచ్చే అధికారం రాష్ట్రాలదేనని 2020 ఆగస్టు 31న చెప్పింది. పీహెచ్‌సీలో చేరి సర్వీసు కోటాలో పీజీకి వెళ్లే దారి అందువల్లే నిలిచింది. రెండుసార్లు రాసి ర్యాంకు రానివారికి అది చిన్న దారేం కాదు.

ఎండీ తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఏడాది సీనియర్ రెసిడెన్సీ చేయాలి. ఎండీ, ఎంఎస్ తర్వాతి సూపర్ స్పెషాలిటీ చదువులైన డీఎం, ఎంసీహెచ్‌కు ప్రవేశ పరీక్ష 2017 నుంచి నీట్ ఎస్‌ఎస్. 2021 ఆగస్టు 31న, అంటే పరీక్షకు రెండున్నర నెలల ముందు, 60 శాతం సూపర్ స్పెషాలిటీ, 40 శాతం మూల బ్రాంచి ప్రశ్నలున్న పేపరును పూర్తిగా మూల బ్రాంచికి మార్చారు. యువ డాక్టర్లను అధికార క్రీడలో ఫుట్‌బాల్ చేయొద్దని కోర్టు మందలించాక, ఆ ఏడాదికి పాత పద్ధతి ఉంచి 2022 నుంచి కొత్తది తెచ్చారు. ఇప్పుడు కార్డియాలజీ కోరుకునేవారికి పరీక్ష జనరల్ మెడిసిన్ మీదే. పిల్లల విభాగంలో ఎండీ చేసినవారికీ కార్డియాలజీ అర్హత ఉంది, కానీ వాళ్లు పోటీ పడాల్సింది మూడేళ్లూ మెడిసిన్ చదివినవారితో. గుండె డాక్టరు కావాలని ఎంబీబీఎస్‌లోనే తేల్చుకున్నవారు పీజీ వెబ్ ఆప్షన్ల రోజే ఈ లెక్క వేసుకోవాలి.