చేతిలో ఒకటి

మా వీధిలోకి బండి మీద కూరలు తెచ్చే ఆమె లెక్క కట్టే తీరు నేను చాలాకాలంగా గమనిస్తున్నాను. మొన్న నా సంచిలో పడ్డవి నాలుగు రకాలు. బెండకాయలు 28 రూపాయలు, టమాటాలు 45, దొండకాయలు 37, చిక్కుళ్ళు 60. నేను మనసులో "ఎనిమిదీ ఐదూ పదమూడు, ఏడు ఇరవై, సున్నా వేసి చేతిలో రెండు..." అనుకుంటూ ఉండగానే ఆమె చెప్పేసింది. "అరవై, తొంభై ఏడు, నూట నలభై రెండు, నూట డెబ్బై ఇవ్వు బాబూ."

97కి 45 ఎలా కలిపావమ్మా అని అడిగాను. "మూడు తీసి వంద చేశా, మిగిలింది నలభై రెండేగా" అంది, ఇది కూడా అడగాలా అన్నట్టు.

నేను చేస్తున్నది తప్పు కాదు. కాకపోతే అది పలక మీద చేసే లెక్క, నేను పలక లేకుండా చేస్తున్నాను. కళ్ళు మూసుకుని 478, 356 కూడి చూడండి. ఎనిమిదీ ఆరూ పద్నాలుగు. నాలుగు పక్కన పెట్టాలి, ఒకటి చేతిలో. ఏడూ ఐదూ పన్నెండు, చేతిలోది కలిపితే పదమూడు. మూడు పక్కన, మళ్ళీ ఒకటి చేతిలో. నాలుగూ మూడూ ఏడు, ఒకటి కలిపితే ఎనిమిది. వచ్చిన వరస నాలుగు, మూడు, ఎనిమిది. చెప్పాల్సిందేమో ఎనిమిది వందల ముప్పై నాలుగు! ఇందులో కష్టమైన కూడిక ఒక్కటీ లేదు. ఆరు అంకెలు గుర్తుండాలి, చేతిలో ఒకటి గుర్తుండాలి, పక్కన పెట్టినవి గుర్తుండాలి, చివర్లో వాటిని తిరగేయాలి. కాగితం ఉంటే ఆ మోత అంతా అదే మోస్తుంది.

బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త గ్రాహం హిచ్ 1978లో ప్రచురించిన ప్రయోగాలు సరిగ్గా దీని మీదే. అంకెలు చదివి వినిపించి, మనసులో కూడమన్నాడు. చేతిలో ఒకట్లు ఎక్కువున్న లెక్కల్లో తప్పులు పెరిగాయి. మధ్యలో వచ్చిన ఫలితం వాడకుండా ఎంతసేపు ఆగాల్సి వస్తే అంతగా అది జారిపోయింది. అంటే, తప్పింది కూడిక కాదు, జ్ఞాపకం.

అంతకు నాలుగేళ్ళ ముందు, 1974లో, ఇదే హిచ్ తోటి మనస్తత్వ శాస్త్రవేత్త అలాన్ బాడ్లీతో కలిసి "పని జ్ఞాపకం" అనే నమూనా ఇచ్చాడు. అంటే, చేస్తున్న పనికి కావాల్సినవి కాసేపు మనసులో పట్టి ఉంచే జ్ఞాపకం. అందులో ఒక భాగం మనం లోలోపల గొణుక్కునే గొంతు. సుమారు రెండు సెకన్లలో పలకగలిగినంతే అందులో నిలుస్తుంది. మళ్ళీ మళ్ళీ గొణక్కపోతే చెరిగిపోతుంది. ఇక్కడ నాకో సరదా పుట్టి, ఒకటి నుంచి తొమ్మిది దాకా మన అంకెల పేర్లలో ఎన్ని అక్షరాలు పలుకుతామో వేళ్ళ మీద లెక్కపెట్టాను. తెలుగులో 23, ఇంగ్లీషులో 10. ఒక్క ఎనిమిదికే నాలుగు! మనవాళ్ళు ఫోన్ నంబర్ ఇంగ్లీషులో చెప్పుకోవడానికి ఇదీ ఒక కారణమేమోనని నా అనుమానం.

అయితే తెలుగుకి ఒక సుగుణం ఉంది. ఇరవై నాలుగు అన్నప్పుడు పదులు ముందు, ఒకట్లు వెనక. పద్నాలుగులో కూడా పదే ముందు. జర్మన్‌లో ఇరవై నాలుగుని "నాలుగూ ఇరవై" అంటారు. జర్మన్, ఇటాలియన్ మాట్లాడే రెండో తరగతి పిల్లలను పోల్చిన 2014 అధ్యయనంలో, చేతిలో ఒకటి ఉండే లెక్కలు జర్మన్ పిల్లలను ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. హిందీ చౌబీస్‌లోనూ నాలుగే ముందు.

బండి ఆమె చేసేది మన నోటి వరసలోనే సాగుతుంది. 478కి మూడొందలు కలిపితే 778, యాభై కలిపితే 828, ఆరు కలిపితే 834. ఏ క్షణంలో చూసినా చేతిలో ఉన్నది ఒకటే మొత్తం. మధ్యలో ఆపేసినా, సుమారుగా ఎంతో ముందే తెలిసిపోయింది. ఇదే ఉపాయాన్ని "వేదగణితం" అని కరపత్రాలేసి ఫీజు పుచ్చుకునేవాళ్ళున్నారు. ఆమె ఏ వేదం చదివిందో నాకు తెలియదు.

బడిలో నోటి లెక్కకి పిల్లాణ్ణి లేపి నిలబెట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు. టెన్షన్ కూడా ఆ పని జ్ఞాపకంలోనే చోటు ఆక్రమిస్తుంది. లెక్కలంటే భయపడేవాళ్ళకి చేతిలో ఒకటి ఉన్న చోటే తప్పులు పెరుగుతాయని 2001లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ యాష్‌క్రాఫ్ట్ చూపించాడు.

గొంతు మీద ఆధారపడకుండా కూడేవాళ్ళూ ఉన్నారు. గుజరాత్‌లో అబాకస్ (పూసల చట్రం) మీద లెక్కలు నేర్చిన పిల్లలను అమెరికా పరిశోధకులు పరీక్షించి 2012లో ప్రచురించారు. ఆ పిల్లలు గాలిలో వేళ్ళు ఆడిస్తూ, కనిపించని పూసలు జరుపుతూ కూడతారు. నోటితో వేరే మాటలు పలికిస్తున్నా లెక్క పెద్దగా చెడలేదు.

బండి ఆమెకి ఆ సౌకర్యం లేదు. నిన్న నా కూరలు లెక్క కడుతూ "నూట పదిహేడు..." దాకా వచ్చింది. పక్కింటావిడ గేటు దగ్గర్నుంచి కేకేసింది, "వంకాయలు కిలో ఎంత?"

"నలభై" అంది ఆమె. నా వైపు తిరిగి, "ఎంతన్నాను బాబూ?"

నేనూ మర్చిపోయాను. సంచి మళ్ళీ బండి మీద బోర్లించాం.