చెట్టుకు తొక్క ఉండదు

మనవడికీ మనవరాలికీ, దేవరకొండ నుంచి తాతయ్య ఆశీస్సులు.

మొన్న మన వేపచెట్టు దగ్గర మీరు “తాతయ్యా, చెట్టు తొక్క ఊడుతోంది” అన్నారు. “బెరడు అనాలి” అని ఊరుకున్నాను. బస్సు ఎక్కించి వచ్చాక, చెప్పాల్సింది చాలా మిగిలిపోయిందని అనిపించింది.

అరటిపండుకు తొక్క, కందిగింజకు పొట్టు, వడ్లకు ఊక, గుడ్డుకు పెంకు, పశువుకు తోలు. తొక్క వేళ్లతో వస్తుంది. పొట్టు చేటలో చెరిగితే ఎగిరిపోతుంది. ఊక దంచితే గానీ వదలదు. ఇవన్నీ పనిచేసిన చేతులు ఎరిగిన తేడాలు.

బెరడులోనే నార ఉంటుంది. మీకిష్టమైన పుంటికూరకు దగ్గరి చుట్టం గోగు. నా చిన్నప్పుడు గోగుకట్టెలను మోపులు కట్టి కుంటలో నానవేసేవారు. నాలుగు రోజులు పోతే గట్టు మీదికే కంపు కొట్టేది. నానిన కట్టె మొదలు దగ్గర బెరడును గోటితో లేపి లాగితే కొసదాకా ఒకే పాయగా జారి వచ్చేది. లోపలి పుల్ల తెల్లగా, తేలికగా చేతిలో మిగిలేది. ఉతికి ఆరేసిన ఆ నారతోనే ఎడ్ల పగ్గాలు పేనేవారు. రాముడు అడవిలో కట్టిన నారచీరలూ చెట్ల బెరడువే. వాటినే సంస్కృతంలో వల్కలాలు అంటారు, వల్కం అంటే బెరడు. కోపం వస్తే పెద్దవాళ్లు “నార తీస్తాను” అంటారు కదా, ఆ మాట ఏదో కుంటగట్టునే పుట్టి ఉంటుందని నా నమ్మకం.

అమ్మ పలావు వండేటప్పుడు దాల్చినచెక్క ముక్క ఒకటి అడిగి తీసుకోండి. అంచులు లోపలికి చుట్టుకుని ఉంటాయి. ఒలిచిన బెరడు ఎండుతూ అలా ముడుచుకుంటుంది. ఫారసీ ‘దార్‌చీనీ’యే మన దాల్చిన. ఫారసీలో ‘దార్’ అంటే చెట్టు, కట్టె. ‘చీనీ’ అంటే చైనాది. కట్టె అన్న అర్థం అందులో ఉండగానే మనం మళ్లీ ‘చెక్క’ చేర్చాం. పాతవాళ్లు దీన్ని లవంగపట్ట అనేవారు. పట్ట అంటే బెరడే కాబట్టి నాకు ఆ పేరే నచ్చుతుంది.

పాము విడిచేది కుబుసం. నారాయణపేట దాటి కర్ణాటకలోకి వెళితే కుబుస అంటే రవిక! సంస్కృతంలో కంచుకానికి కూడా ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. పాము రవిక విప్పి వెళ్లిందని అనుకున్నవాళ్ల ఊహ ఎంత ముచ్చటగా ఉందో చూడండి.

ఒక్క సంగతి మరవకండి. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్లకు దిగుతుంది. మాను చుట్టూ ఆ పొరను ఒలిస్తే వేళ్లు పస్తుండి చెట్టు చచ్చిపోతుంది. చెట్టూ మనలా ప్రాణమున్నదే. మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టుకు చెదలు పట్టినప్పుడు, 2018లో, రోగికి సెలైన్ పెట్టినట్టు సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు.

మీరు జేబులో వేసుకుని వెళ్లిన వేప పెచ్చు దానంతట అది రాలిందే, దాచుకోండి. దసరాకు తెస్తే గోగుపుల్ల పక్కన పెట్టి చూద్దాం.

మీ తాతయ్య