మారుతి 800 ఎన్ని బుడిపెల వెడల్పు?

తిరుపతి

బుజ్జమ్మకు, చిన్నోడికి అవ్వ ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ స్పీకర్‌లో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. మీ ఇద్దరి పోట్లాట మొత్తం విన్నాను. లెగో ఇటుకలతో చిన్నోడు కట్టిన కారు నాలుగు బుడిపెల (ఇటుక పైన గుండ్రంగా పొడుచుకొచ్చే మొటిమల) వెడల్పు, బుజ్జమ్మ కట్టింది ఆరు. రెండూ మన పాత మారుతి 800 అనే అంటున్నారు. ఎవరిది కరెక్ట్ సైజో అవ్వే తేల్చాలట. ఇది ఫోన్‌లో తేలే లెక్క కాదు, అందుకే రాస్తున్నాను. పెన్సిలు, స్కేలు, మీ అమ్మ కుట్టుమిషన్ డబ్బాలోని టేపు పక్కన పెట్టుకుని చదవండి.

నేను ఇంజనీరింగ్ ఆఫీసులో ట్రేసర్‌గా చేరి డ్రాయింగ్ బ్రాంచిలోనే రిటైరయ్యానని మీకు తెలుసు కదా. వంతెనలు, చెరువు తూములు కాగితం మీదికి దించడమే పని. అక్కడ ఏ డ్రాయింగ్ చేతికొచ్చినా ముందు చూసేది కింద మూలన రాసిన స్కేలు. 1:50 అని ఉంటే కాగితం మీద ఒక సెంటీమీటరుకు నేల మీద యాభై సెంటీమీటర్లు. అది రాయకపోతే డ్రాయింగ్ ఎంత అందంగా ఉన్నా మేస్త్రీకి అక్కరకు రాదు. మీరిద్దరూ ఎన్ని బుడిపెలని కొట్టుకుంటున్నారు గానీ, అసలు కారులో ఎన్నో వంతు కడుతున్నారో ఒక్కరూ చెప్పలేదు.

ముందు ఇటుకను కొలవండి. ఒక్క బుడిపె దగ్గర స్కేలు పెడితే కళ్లు చికిలించినా 7 మిల్లీమీటర్లో 8 మిల్లీమీటర్లో తేలదు. పది బుడిపెలు వచ్చేలా ముక్కలు వరసగా పేర్చి కొలవండి, 8 సెంటీమీటర్లు వస్తుంది. అంటే ఒక్కోదానికి 8 మి.మీ. చిన్న కొలతలన్నీ ఇలా గుత్తగా కొలిచి భాగించడమే మంచిది. ఇక ఎత్తు చూడండి. పైన బుడిపెను వదిలేస్తే ఇటుక 9.6 మి.మీ., పలచటి పలక 3.2 మి.మీ. మూడు పలకలు పెడితే ఒక ఇటుక ఎత్తు.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఐదు పలకలు ఒకదాని మీద ఒకటి పెడితే 16 మి.మీ. రెండు బుడిపెల వెడల్పు కూడా 16 మి.మీ.యే. అందుకని ముక్కల్ని పక్కకు తిప్పి బిగించినా సందు లేకుండా కూర్చుంటాయి. హెడ్‌లైట్లు, ముందు జాలీ, నంబర్ ప్లేటు అన్నీ ఈ లెక్క మీదే అతుకుతారు. డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే ఊళ్లోని కంపెనీ ఈ ఇటుకకు పేటెంట్ దరఖాస్తు పెట్టింది 1958 జనవరి 28న. అప్పటి ఇటుకను తెచ్చి మీ డబ్బాలో పడేసినా ఇప్పటివాటితో అతుక్కుంటుంది. డ్రాయింగ్ బ్రాంచిలో పనిచేసినదాన్ని, ఈ కచ్చితత్వం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

సరే, కారు దగ్గరికి వద్దాం. కారులో కూర్చునేవాడు ఎవడు? 1978లో వచ్చిన ఆ చిన్న పసుపు ముఖం లెగో మనిషి బొమ్మ. వాడి దగ్గరే అసలు చిక్కంతా ఉంది. అరికాలి నుంచి నడినెత్తి దాకా వాడు దాదాపు నాలుగు సెంటీమీటర్లు. అసలు మనిషి 170 సెంటీమీటర్లనుకుంటే 1:42 అవుతుంది. ఇప్పుడు వాణ్ని కూర్చోబెట్టండి. కింద వాడికి రెండు బుడిపెల చోటు, అంటే 16 మి.మీ. కావాలి. కారు సీట్లో మనలాంటివాళ్లకు ఓ 40 సెంటీమీటర్లనుకుందాం. అప్పుడు 1:25 వస్తుంది. ఒకే మనిషి, నిలబెట్టి కొలిస్తే ఒక లెక్క, కూర్చోబెడితే ఇంకో లెక్క! పొట్టిగా, బొద్దుగా చేశారు వాణ్ని. వాడి ఎత్తుకు తగ్గట్టు కారు కడితే లోపల పట్టడు, వాడి లావుకు తగ్గట్టు కడితే కారు వాడి ముందు లారీలా కనిపిస్తుంది.

మన మారుతి 800 అసలు వెడల్పు 1,440 మి.మీ. దాన్ని 42తో భాగిస్తే 34, అంటే నాలుగు బుడిపెల కంటే కాస్త ఎక్కువ. అదీ చిన్నోడి కారు. అదే 25తో భాగిస్తే 57 పైన, ఏడు బుడిపెలు. బుజ్జమ్మ ఆరు బుడిపెలు ఈ రెండింటి నడుమ ఉంది. కాబట్టి ఎవరిదీ తప్పు కాదు. అలాగని ఇద్దరివీ ఒకే రోడ్డు మీద పెడితే కుదరదు. చిన్నోడి కారులో గోడలకు చెరో బుడిపె పోతే లోపల మిగిలేది రెండే. డ్రైవరు నడిమధ్యన ఒక్కడే కూర్చోవాలి. కంపెనీవాళ్ల పాత ఊరి కార్లు చాలావరకు ఇలాగే ఉండేవి, పిల్లలెవరూ ఫిర్యాదు చేసినట్టు లేదు. బుజ్జమ్మ కారులో నాలుగు బుడిపెలు మిగులుతాయి. ఇద్దరు పడతారని మీరనుకుంటారు గానీ, ఆ మనుషుల చేతులు పక్కలకు పొడుచుకొచ్చి ఒకదానికొకటి తగులుతాయి. కావాలంటే పెట్టి చూడండి, ఒకడి చేయి పైకెత్తితే గానీ రెండోవాడు కూర్చోలేడు.

నన్నడిగితే మాత్రం ఆరుకే ఓటు. మీ అక్కను వెనకేసుకొస్తున్నానని ఏడవకు చిన్నోడా, కారణం చెబుతాను. ఆరు బుడిపెలంటే 48 మి.మీ. 1,440ని 48తో భాగిస్తే సరిగ్గా 30. శేషం లేదు. ఇంత చక్కగా కుదిరే కొలతలు నాకు ఉద్యోగంలో కూడా ఎప్పుడో గానీ దొరికేవి కావు. పొడవు 3,335 మి.మీ.ని 30తో భాగిస్తే 111, పద్నాలుగు బుడిపెలు పెడితే 112. ఎత్తు 1,405కి 47 దగ్గర, ఐదు ఇటుకలు పెడితే 48. అంటే ఆరు వెడల్పు, పద్నాలుగు పొడవు, ఐదు ఇటుకల ఎత్తు. ఇక్కడ ఎత్తంటే నేల నుంచి, చక్రాల కింది ఖాళీ కూడా అందులోదే. అది మరిచిపోయి ఐదు ఇటుకలూ చక్రాల పైన కడితే జీపు తయారవుతుంది.

మరి చక్రమెంత? దీనికి టేపు కూడా అక్కర్లేదు, టైరు పక్కనే రాసి ఉంటుంది. మారుతి టైరు మీద 145/70 ఆర్ 12 అని ఉంటుంది. 145 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, అంటే 101.5 మి.మీ. 12 అనేది లోపలి ఇనుప రిమ్ము, అంగుళాల్లో, అంటే 305 మి.మీ. పైన ఒక గోడ, కింద ఒక గోడ, మధ్యలో రిమ్ము. మొత్తం కలిపితే 508. ముప్పైతో భాగిస్తే 17 మి.మీ. మీ డబ్బాలో దానికి దగ్గరగా ఉన్న టైర్లు వెతకండి. ఇటుకల్ని ఎన్నయినా కలుపుకోవచ్చు, టైరును మాత్రం సాగదీయలేం, కంపెనీ ఇచ్చిన సైజుల్లోనే ఎంచుకోవాలి. అందుకే చేయి తిరిగినవాళ్లు చాలామంది ముందు టైరు చేత్తో పట్టుకుని, దాన్నిబట్టి ఎన్నో వంతు కట్టాలో తేల్చుకుంటారు.

అదే ఊపులో అంబాసిడర్ కూడా వేసి చూశాను. మారుతి, అంబాసిడర్ రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది, పక్కపక్కన పెడితే బావుంటాయని. పొడవు 4,325 మి.మీ., ముప్పైతో భాగిస్తే 144, సరిగ్గా పద్దెనిమిది బుడిపెలు. వెడల్పు 1,662కి 55, ఏడు బుడిపెలు. ఈ ఏడుతోనే టెన్షన్. లెగోలో కారు ముందు అద్దాల ముక్కలు ఎక్కువగా నాలుగు, ఆరు ఇలా సరి సంఖ్యల్లోనే వస్తాయి. అయినా ఏడే పెట్టమంటాను. బేసి సంఖ్యకు నడిమధ్యన ఒక బుడిపె వస్తుంది కదా, అంబాసిడర్ బానెట్టు మధ్యలో ఉబ్బుగా ఉండే గీతకు అది సరిగ్గా సరిపోతుంది.

మీ మామ బెంగళూరు నుంచి తెచ్చిన రేసు కారు సంగతి వేరు. లెగోవాళ్ల ఆ స్పీడ్ ఛాంపియన్స్ వరస 2015లో మొదలైనప్పుడు కార్లు ఆరు బుడిపెలుండేవి, 2020 నుంచి ఎనిమిది చేశారు. ఎనిమిదంటే 64 మి.మీ. రెండు మీటర్ల వెడల్పుండే స్పోర్ట్స్ కారుకి 1:31 అవుతుంది, మన మారుతి పక్కన హాయిగా నిలబెట్టొచ్చు. అలాగని మన మారుతిని కూడా ఎనిమిదికి కడతామంటే అది 1:22 అయిపోతుంది, రేసు కారు పక్కన వ్యానులా ఉంటుంది. వెడల్పు ముందే నిర్ణయించేసి ప్రతి కారునీ అందులో ఇమిడిస్తే, ప్రతి కారుకీ ఒక్కో స్కేలు వస్తుంది. హాట్ వీల్స్ బొమ్మ కార్లలోనూ ఇదే తంతు. 1968 నుంచి వస్తున్న ఆ కార్లు పేరుకు 1:64, కానీ అన్నీ ఒకే సైజు అట్ట మీది డబ్బాలో పట్టాలి కాబట్టి బస్సూ కారూ ఇంచుమించు ఒకే పొడవు. మనింట్లో దసరా బొమ్మల కొలువు చూడండి, దశావతారాల్లో వామనుడూ నరసింహుడూ ఒకే ఎత్తు. మెట్టు మీద అందంగా ఉండాలంటే అలాగే ఉండాలి. షోకేసులో పెట్టుకోవడానికైతే అన్నీ ఎనిమిదికి కట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఊరు కట్టాలనుకుంటే మాత్రం ఒకే వంతు పట్టుకోవాలి.

ఇంకా పెద్దది కొనివ్వమని బుజ్జమ్మ అడుగుతోంది. రెండింతలు పెద్ద కారుకి రెండింతలు ముక్కలు చాలనుకుంటున్నావు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెండింతలవుతాయి తల్లీ. పైన తొడుగు మాత్రమే కడితే నాలుగు రెట్లు, లోపల కూడా నింపితే ఎనిమిది రెట్లు. ఇది నిజమో కాదో చూడ్డానికి మంచి ఉదాహరణ ఉంది. బుగాటీ షిరాన్ అనే కారును లెగో టెక్నిక్‌లో 1:8 సైజులో చేశారు. పొడవు 56 సెంటీమీటర్లు, ముక్కలు 3,599. తర్వాత 2018లోనే అలాంటి టెక్నిక్ ముక్కలతో అసలు కారంత కారు కట్టారు, చక్రాలు మాత్రం అసలు బుగాటీవే. ఎన్ని ముక్కలు పట్టి ఉంటాయో కాగితం మీద వేయండి. తొడుగు లెక్కన 8 ఇంటూ 8, 64 రెట్లు, అంటే 2 లక్షల 30 వేలు. నిండు లెక్కన 512 రెట్లు, అంటే 18 లక్షల పైన. నిజంగా పట్టినవి 10 లక్షల పైచిలుకు! మన రెండు లెక్కల నడుమే పడింది. దాని బరువు 1,500 కిలోలు, లోపల 2,304 బుల్లి మోటార్లు. అన్నీ కలిసి తోస్తే గంటకు 20 కిలోమీటర్ల వేగం దాటింది. మన గాంధీ రోడ్డు ట్రాఫిక్‌కు అది చాలు.

బరువు కూడా ఇలాగే పడిపోతుంది. అసలు మారుతి సుమారు 650 కిలోలు. 1:30 కారుకి 30ని మూడుసార్లు హెచ్చవేయాలి, 27,000 వస్తుంది. దాంతో భాగిస్తే 24 గ్రాములు. మీ కారు కట్టాక ఎదురుగా ఉన్న కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి చూడండి, ఎంత తేడా వచ్చిందో నాకు రాయండి.

ఊరు కడతామన్నారు కాబట్టి రోడ్డు గురించి కూడా. రెండు వరసల రోడ్డు తారు వెడల్పు ఏడు మీటర్లు. ముప్పయ్యో వంతుకి 23 సెంటీమీటర్లు, 29 బుడిపెలు. మీ దగ్గరున్న 32 బుడిపెల పచ్చ పలక మొత్తం రోడ్డుకే సరిపోతుంది, అంగళ్లకు, ఇళ్లకు వేరే పలకలు కావాలి. తిరుమల కొండ కూడా కడతానన్నాడు చిన్నోడు. అలిపిరి నుంచి పైకి ఘాట్ రోడ్డు పద్దెనిమిది, పందొమ్మిది కిలోమీటర్లు. ముప్పైతో భాగించినా ఆరు వందల మీటర్లు దాటుతుంది నాయనా, మీ వీధి చివరి దాకా పరిచినా చాలదు. ఒక్క మలుపు కట్టు, చాలు.

సెలవులకు వచ్చేటప్పుడు ముక్కల డబ్బా తెచ్చుకోండి, మారుతి ఇక్కడే కడదాం. ఈలోగా ఒక పని చేయండి. మీ వీధి మొగదలలో ఆగే ఆటోను టేపుతో కొలవండి, డ్రైవరన్నను అడిగి మరీ కొలవండి. వెడల్పు 1,300 మి.మీ. చుట్టూ వస్తుంది. ముప్పైతో భాగిస్తే 43, అంటే ఐదు బుడిపెల కంటే కొంచెం ఎక్కువ. ఆరు పెడదామని బుజ్జమ్మ అంటుంది, నాకు తెలుసు. ఐదే పెట్టండి, ముందు చక్రం ఒక్కటే కదా, సరిగ్గా మధ్య బుడిపె కిందికి వస్తుంది.

మీ అవ్వ