ఫుషిమి ఇనారి: అపోహలు - వాస్తవాలు

జపాన్‌లోని క్యోటోలో గైడ్‌గా పనిచేస్తాను. మన తెలుగువాళ్ళు వస్తే ఫుషిమి ఇనారి అనే షింతో (జపాన్ సంప్రదాయ మతం) గుడికి వెళ్ళకుండా ఉండరు. దాని గురించి తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: ఇక్కడ నక్కను పూజిస్తారు.
వాస్తవం: పూజ ఇనారికి. వరి పంటకూ వ్యాపారానికీ ఆ దైవమే దిక్కు. నక్క దూత మాత్రమే. ఎదురుగా నంది ఉన్నంత మాత్రాన అది నంది గుడి అయిపోదు కదా! కొన్ని నక్కల నోట్లో ఉండేది ధాన్యాగారం తాళంచెవి. గర్భగుడిలో విగ్రహ దర్శనం మాత్రం ఉండదు, వెతక్కండి.

అపోహ: ఆ ఎర్ర ద్వారాలన్నీ వందల ఏళ్ళ నాటివి.
వాస్తవం: గుడి వెనక కొండ మొత్తం మీద ఈ ద్వారాలు సుమారు 10,000 ఉన్నాయి. అన్నీ భక్తులు, వ్యాపారులు ఇచ్చినవే. ఎడో కాలం (1603-1868) నుంచి ఈ మొక్కు బాగా పెరిగింది. చెక్కవి కాబట్టి వానకు అడుగున పుచ్చిపోతాయి, తీసేసి కొత్తవి నిలబెడతారు. ఎక్కేటప్పుడు వాటి మీద ఏ రాతా కనిపించదు. ఒక్కసారి వెనక్కి తిరగండి: ఒక స్తంభం మీద దాత పేరు, రెండోదాని మీద తేదీ. చాలావరకు కంపెనీల పేర్లే! సెల్ఫీ దిగి వెళ్ళిపోయేవాళ్ళు ఇది చూడనే చూడరు. నిజంగా పాత కట్టడాలు కొండ కిందే ఉన్నాయి. యుద్ధంలో కాలిపోయిన ప్రధాన ఆలయాన్ని 1499లో మళ్ళీ కట్టారు. ముందున్న పెద్ద ద్వారం 1589 నాటిది. తల్లి జబ్బు నయం కావాలని మొక్కుకుని అప్పటి జపాన్ పాలకుడు తొయొతోమి హిదెయోషి కట్టించాడంటారు.

అపోహ: గుడి దగ్గర చేతులు కడుక్కునే తొట్టిలో నీళ్ళు తీర్థం.
వాస్తవం: దయచేసి తాగకండి. ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి కడుక్కోవాలి. ఎడమ అరచేతిలో నీళ్ళు పోసుకుని నోరు పుక్కిలించి, తొట్టి బయట ఉమ్మాలి. గరిటెను నోటికి ఆనించకూడదు. తర్వాత దైవం ముందు రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మొక్కుకుని మళ్ళీ ఒకసారి వంగితే చాలు.

అపోహ: టికెట్ కొనాలి, చెప్పులు విప్పాలి.
వాస్తవం: రెండూ అక్కర్లేదు.

అపోహ: కొండ చివరిదాకా ఎక్కకపోతే దర్శనం దక్కదు.
వాస్తవం: దర్శనం కిందే అయిపోతుంది. కొండ ఎత్తు 233 మీటర్లే గానీ అన్నీ మెట్లే, చుట్టి రావడానికి రెండు గంటలైనా పడుతుంది. పెద్దవాళ్ళుంటే సగం దారిలో యోత్సుత్సుజి కూడలి దాకా వెళ్ళి, ఊరిని చూసి దిగిపోండి. 24 గంటలూ తెరిచే ఉంటుంది కాబట్టి తెల్లవారుజామునే వెళ్తే రద్దీ టెన్షన్ ఉండదు. క్యోటో స్టేషన్ నుంచి నారా రైల్వే లైన్‌లో రెండో స్టేషనే ఇనారి. లోకల్ రైలే ఎక్కండి, ర్యాపిడ్ అక్కడ ఆగదు.